తొమ్మిదింటికి డ్యూటీ ఎక్కే శాటిలైటు

నల్లరాళ్లపాలెం,
చీమకుర్తి మండలం.
జనవరి 19.

చిరంజీవి వాసింకి,

మీ ఆదాం మామయ్య దీవించి రాసేది. మేమిద్దరం బాగున్నాం. మా పక్కనున్న రాళ్లు కోసే మిషన్లు ఇంకా బాగున్నాయి, ఆదివారం కూడా కోస్తున్నాయి.

ఫోను చెయ్యకుండా ఉత్తరమేమిటి అంటావు. ఈ మిషన్ల రొదలో నువ్వు చెప్పేది నాకు వినపడదు, నేను అరిచేది మాత్రం ఊరంతటికీ వినపడుతుంది. పైగా ఫోను మీ అత్తయ్య రహమతున్నీసా చేతిలో ఉంటుంది. కాగితమైతే పరుపులు కుట్టే సూదితో గోడకి గుచ్చుకుంటాను, మర్చిపోయినప్పుడల్లా చదువుకోవచ్చు. మన యేసుపాదం గ్రానైటు పలకలు వేసుకుని విజయవాడ వెళుతూ తాడేపల్లిలో నీ రూము దగ్గర లారీ ఆపి ఇది ఇస్తాడు. తిరిగొచ్చేటప్పుడు నీ జవాబు తెస్తాడు.

అసలు సంగతి. పోయిన నెల రేడియో వాళ్లు మన ఇంటికి వచ్చారు. దూదేకుల పని గురించి నాతో ముప్పావుగంట మాట్లాడించారు. నేను మా నాన్న వాడిన విల్లు అటక మీంచి దించి, దూది మీద టంగు టంగుమని ఏకి చూపించాను. మన పరుపుకుండే మూల కుట్టు గురించి కూడా వివరంగా చెప్పాను. ఆ ప్రోగ్రాం ఫిబ్రవరి పన్నెండున పొద్దున ఆరూ నలభైకి వస్తుందని కబురు పంపారు.

ఇది విని చీమకుర్తి సెంటర్లో ఫోము పరుపుల కొట్టు పెట్టిన బుల్లయ్య ఏమన్నాడో తెలుసా? టీ బంకు దగ్గర పదిమందిలో, “ఏరా ఆదామూ, దూది పరుపు మీద ఇప్పుడెవడు పడుకుంటున్నాడని నీ గొంతు రేడియోలో వేస్తారు? అదే గనక వస్తే నా మంచం మీద ఫోము తీసేసి నీ దగ్గర పరుపు కుట్టించుకుంటా, పో!” అన్నాడు. నేను ఊరుకుంటానా? “మా ఇంటికొచ్చి విందువుగాని, కుర్చీ కూడా తెచ్చుకో” అన్నాను. ఆ ఊపులో ఊరందరినీ పిలిచాను.

ఇంటికొచ్చి రేడియో పెడితే గరగర. మిషన్ల కరెంటు దెబ్బకి వార్తలు చదివేది ఆడో మగో కూడా తెలియడం లేదు. శాటిలైట్ రేడియో అయితే గరగర ఉండదట. నేను ఎప్పుడో కొన్న శాటిలైట్ రేడియో పెట్టె అటక మీద ఉంది. దాన్ని ఎలా లేపాలి? లేకపోతే తక్కువలో పోయే దారి ఇంకేదైనా చెప్పు. పన్నెండో తారీకు నా గొంతు రాకపోతే బుల్లయ్య ముందు నేను తల ఎత్తలేను.

దీవెనలతో,
మీ మామయ్య
ఆదాం

తా.క. రేడియో వాళ్లు వచ్చిన దగ్గర్నుంచి మీ అత్తయ్య నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. మనిషికి పేరొస్తే ఇంట్లో ఇంతే కాబోలు.


తాడేపల్లి,
జనవరి 20.

పూజ్యులు, త్వరలో ఆకాశవాణుల్లో వినిపించబోవువారు అయిన ఆదాం మామయ్య గారికి,

అల్లుడు వాసిం సలాములు. మీ ఉత్తరం లారీ హారనుతో సహా అందింది. మా వీధి వాళ్లంతా బయటికొచ్చి చూశారు. ఈ మధ్య నాకు ఇంత గౌరవం ఎవరూ చెయ్యలేదు.

అటక మీది పెట్టె విషయమై మా సానుభూతి. దానికి పాటలు పంపే కంపెనీ మూతపడి పదిహేనేళ్లు దాటింది. దాన్ని లేపడం ఇప్పుడు ఎవరి వల్లా కాదు. అత్తయ్య పచ్చడి జాడీ మూత మీద బరువుకి పనికొస్తుందేమో చూడండి.

ఇక ఫోనులో రేడియో యాప్ ఒకటి ఉంది, ఉచితం. కానీ ఫోను అత్తయ్య శాఖలో ఉంది, మీ ఊళ్లో సిగ్నలు ఎవరి శాఖలోనూ లేదు. కాబట్టి అది కొట్టివేయడమైనది.

మిగిలింది అసలైన దారి. ప్రభుత్వం వారి ఉచిత డిష్‌లో టీవీ చానళ్లతో పాటు రేడియో చానళ్లు కూడా వస్తాయి, వాటిలో తెలుగు రేడియో ఉంది. శాటిలైటు నుంచి నేరుగా దిగుతుంది గనక మిషన్ల గరగర అంటదు. నెలనెలా కట్టేది ఏమీ లేదు. సెట్‌టాప్ బాక్సు కొత్తది పదమూడు వందల్లో వచ్చేస్తుంది. డిష్ కొనకండి. మన వైపు ప్రతి రెండో ఇంటి మీదా పనీపాటా లేని డిష్ ఒకటి ఉంటుంది, నాలాగే. ఎవరినైనా అడిగి తెచ్చుకోండి.

టీవీ కూడా కొననక్కర్లేదు. ఒక్క పూటకి అరువు తెచ్చి, రిమోట్‌లో రేడియో బటన్ నొక్కి, తెలుగు రేడియో మీద ఆపి, టీవీ ఇచ్చేయండి. బాక్సు ఆ చానల్ని గుర్తుపెట్టుకుంటుంది. దాని వెనక ఎర్ర వైరూ తెల్ల వైరూ మీ పాత సౌండు బాక్సుకి కలిపితే చాలు. డిష్‌కి ఆగ్నేయం ముఖ్యం. అది మాత్రం మర్చిపోవద్దు.

ఇట్లు,
భవదీయ మేనల్లుడు
వాసిం, బి.టెక్. (ఎలక్ట్రానిక్స్), ఒక్క సబ్జెక్టు మినహా

తా.క. ఆ ఒక్క సబ్జెక్టు ఏమిటని అడగొద్దు.


నల్లరాళ్లపాలెం,
జనవరి 26.

చిరంజీవి వాసింకి,

మామయ్య దీవెనలు. నువ్వు చెప్పినట్టే చేశాను. ఏమీ రావడం లేదు.

డిష్ మన ఖైరున్నీసాక్క ఇచ్చింది. ఆవిడ దాంట్లో ఎండుమిరపకాయలు ఆరబోసుకుంటోంది. ఊరికే తీసుకోవడం బాగుండదని ఒక దిండు కుట్టిచ్చాను. మీ అత్తయ్య నాతో పలకడం లేదు కాబట్టి కుట్టు మొత్తం నేనే వేశాను. టీవీ కూడా ఖైరున్నీసాక్కదే, రెండు రోజులకి అడిగి తెచ్చాను.

నువ్వు ఆగ్నేయం అన్నావు. ఇంటికి ఆగ్నేయమంటే వంటిల్లే గదా. వంటింటి డాబా మీద, సరిగ్గా పొయ్యికి పైన డిష్ బిగించాను. రేడియో వినేది నట్టింట్లో కాబట్టి దాని ముఖం నట్టింటి వైపుకి తిప్పాను. రెండు రోజులు దాని ఎదురుగా కూర్చున్నాం. టీవీలో సిగ్నలు లేదని తప్ప ఒక్క ముక్క రాలేదు.

నిన్న బుల్లయ్య బండి మీద పోతూ ఆగి, పైకి చూసి, “ఏరా, అంత పెద్ద మూకుడు మిద్దె మీద పెట్టావు, పులిబొంగరాలేస్తున్నావా?” అన్నాడు. దీనికి జవాబు పన్నెండున చెబుతాను.

త్వరగా రాయి.

మీ మామయ్య
ఆదాం

తా.క. డిష్‌కి మిరప ఘాటు ఇంకా పోలేదు. శాటిలైటుకి ఆ ఘాటు పడదేమోనని రెండు బకెట్ల నీళ్లతో కడిగాను. తుమ్ములు నాకే వచ్చాయి.


తాడేపల్లి,
జనవరి 27.

మహారాజశ్రీ మామయ్య గారి సముఖానికి,

అల్లుడు నమస్కరించి, నుదురు కొట్టుకుని రాయునది.

తప్పు నాదే. ఆగ్నేయంలో పెట్టమని కాదు, ఆగ్నేయం వైపు చూసేలా పెట్టమని నా మనవి. డిష్ ఎక్కడున్నా పర్వాలేదు. శాటిలైటు మనకి ఆగ్నేయం దిక్కున ఆకాశంలో ఉంది, మీ నట్టింట్లో లేదు. ఉంటే అత్తయ్య ఈ పాటికి ఊడ్చేసి ఉండేది. డిష్ ముఖం అటు తిప్పి, బాగా పైకెత్తాలి. బుల్లయ్య ఎదురైనప్పుడు మీరు గడ్డం ఎత్తుతారు చూడండి, అంతకంటే ఎక్కువ.

మీరు ఇంక చెయ్యి పెట్టకండి. చీమకుర్తిలో డిష్‌లు బిగించే కలీంని పిలవండి. అతని దగ్గర సిగ్నలు చూసే మీటరు ఉంటుంది, పది నిమిషాల పని. ఒక్కటి గుర్తుంచుకోండి. డిష్‌కీ ఆకాశానికీ మధ్య ఏదీ అడ్డం రాకూడదు. కొమ్మ గాని, నీళ్ల ట్యాంకు గాని, బుల్లయ్య గాని.

ఇట్లు,
తమ సాంకేతిక సలహాదారు
వాసిం

తా.క. డిష్ ముందుకి చాచిన చెయ్యి చివర చిన్న తెల్ల తల ఒకటి ఉంటుంది. నిజంగా వినేది అదే. దాన్ని జాగ్రత్తగా చూసుకోండి. అసలే మంచు కాలం. దానికి జలుబు చేసిందంటే పన్నెండున మీ గొంతు ముక్కుతో వస్తుంది.


నల్లరాళ్లపాలెం,
జనవరి 31.

చిరంజీవి వాసింకి,

దీవెనలు, ముద్దులు. వచ్చింది రా! కలీం వచ్చి డిష్‌ని ఆగ్నేయానికి తిప్పాడు. మీటరు కూసింది, సౌండు బాక్సు పలికింది. గరగర అన్న మాట లేదు. పక్కింట్లో కూర్చుని మాట్లాడినట్టుంది. మళ్లీ టీవీ అడిగి తెచ్చిన ఆ సాయంత్రం రిమోటు నొక్కుతూ దేశంలో ఉన్న భాషలన్నీ విన్నాం. కాశ్మీరు వాళ్ల వార్తలు అరగంట విన్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదు గాని ఎంత స్పష్టంగా అర్థం కాలేదనుకున్నావు!

తర్వాత తెలుగు రేడియో మీద ఆపి టీవీ ఇచ్చేశాం. ఖైరున్నీసాక్క కూడా వచ్చి విని మెచ్చుకుంది. దిండు గురించి ఏదో చెప్పబోయింది గాని రేడియో గోలలో నాకు వినపడలేదు.

సాయంత్రాలు మన వాకిట్లో జనం కూర్చుంటున్నారు. బుల్లయ్య ఒక్కడే రాలేదు. పన్నెండున వస్తాడు.

మీ మామయ్య
ఆదాం

తా.క. తల విషయంలో నువ్వు రాసిన జాగ్రత్త మీ అత్తయ్యకి చదివి వినిపించాను. ఆ సంగతి తనే చూసుకుంటానంది. ఇన్నాళ్లకి నవ్వుతూ పలికింది కూడా. నీ ఉత్తరంలో ఏదో మహిమ ఉంది.


నల్లరాళ్లపాలెం,
ఫిబ్రవరి 3.

వాసిం,

దీవెనలు తర్వాత. రేడియో పొద్దునపూట పలకడం లేదు.

రాత్రి పడుకునేదాకా బాగా వస్తుంది. తెల్లారి లేచి పెడితే మూగ. ఎండ ఎక్కాక, తొమ్మిదింటికి, ఎవరో గొంతు సవరించుకున్నట్టు రెండు ముక్కలు అని, ఆ తర్వాత చక్కగా మొదలవుతుంది. మూడు రోజుల నుంచి ఇదే వరస. గడియారం పెట్టుకుని చూశాను.

నాకు అర్థమైంది ఏమిటంటే, ఈ శాటిలైటు తొమ్మిదింటికి గాని డ్యూటీ ఎక్కడం లేదు. ప్రభుత్వ ఉద్యోగం గనక నేను తప్పుపట్టను. కానీ నా ప్రోగ్రాం ఆరూ నలభైకి. నువ్వు చదువుకున్నవాడివి, ఇంగ్లీషులో ఒక అర్జీ రాసి పై వాళ్లకి పంపు. రోజూ అక్కర్లేదు. పన్నెండో తారీకు ఒక్కరోజు ఆరున్నరకి డ్యూటీ ఎక్కితే చాలు, కావాలంటే మధ్యాహ్నం తొందరగా దిగిపొమ్మను.

ఇంకా తొమ్మిది రోజులే ఉంది.

మామయ్య

తా.క. నాకు నిద్ర పట్టడం లేదు. మీ అత్తయ్య మాత్రం హాయిగా నిద్రపోతోంది.


తాడేపల్లి,
ఫిబ్రవరి 4.

గౌరవనీయులైన మామయ్య గారికి,

శాటిలైటుకి డ్యూటీ టైములుండవు. అది పైకి ఎక్కిన రోజు నుంచి దిగలేదు, సెలవు పెట్టలేదు. కాబట్టి అర్జీ రాయడం లేదు.

మీ ఫిర్యాదు మీద ఇక్కడ కమిటీ వేశాం. కమిటీ అంటే నేనూ, మా రూమ్మేటు చైతన్యకృష్ణ. అతను కామర్సు, అయినా బాగా తల ఊపుతాడు. రాత్రంతా ఆలోచించాం. పొద్దున మీ ఇంటి ముందు లారీ ఏదైనా ఆగుతోందా? డిష్ మీద పక్షులు వాలుతున్నాయా? పొద్దునపూట కరెంటు తక్కువగా వస్తోందా? వైరు ఎక్కడైనా ఎలుక కొరికిందా? బాక్సు వెనక బిగింపులు వదులయ్యాయా? ఆఖరుగా, డిష్ దగ్గర ఈ మధ్య కొత్తగా ఏమైనా పెట్టారా? ఒక్కొక్కదానికీ జవాబు రాసి పంపండి. జవాబు చూడగానే కమిటీ తీర్పు చెబుతుంది.

ఇట్లు,
కమిటీ అధ్యక్షుడు
వాసిం

తా.క. నా మనస్సాక్షి ఊరుకోవడం లేదు కాబట్టి చెప్పేస్తున్నాను. నాకు మిగిలిపోయిన ఆ ఒక్క సబ్జెక్టు పేరు ‘యాంటెన్నాలు’.


నల్లరాళ్లపాలెం,
ఫిబ్రవరి 10.

వాసింకి,

యేసుపాదం లారీ అయిదు రోజులు షెడ్డులో ఉంది. అందుకే ఆలస్యం. నీ సబ్జెక్టు సంగతి చదివి కాసేపు గోడకి ఆనుకుని కూర్చున్నాను. అయినా ఇప్పుడు నువ్వు తప్ప నాకెవరున్నారు? జవాబులు రాస్తున్నాను.

లారీలు ఆగడం లేదు, పోతూనే ఉంటాయి. పక్షులు ఒకసారి వాలాయి, మిరప ఘాటుకి లేచిపోయాయి. కరెంటు బాగానే ఉంది. వైరు నిక్షేపంలా ఉంది, మా ఇంట్లో ఎలుకలకి దూది ఉండగా వైరు కొరికే ఖర్మ లేదు. బిగింపులు కలీం మళ్లీ వచ్చి చూశాడు. అతను వచ్చేది మధ్యాహ్నం, అప్పుడు పాటలు వస్తున్నాయి. పాట విని, టీ తాగి, “బ్రహ్మాండంగా ఉంది మావా” అని వెళ్లిపోయాడు.

ఇక ఆఖరు ప్రశ్న. డిష్ దగ్గర కొత్తగా ఏమీ పెట్టలేదు. ఉన్న తలకే టోపీ తొడిగాం, అంతే. నువ్వే కదా జలుబు చేస్తుందన్నావు! మీ అత్తయ్య ఎర్ర పువ్వుల గలేబు గుడ్డలో పావుకిలో మేలు దూది కూరి, మెడ దగ్గర నాడా పెట్టి ముచ్చటగా కుట్టింది. పైన మంచు దిగకుండా పాత గొడుగు గుడ్డ కూడా వేశానంది. కలీం చూసి, దూదేకుల వాళ్ల డిష్ అంటే ఇలా ఉండాలి అన్నాడు.

తీర్పు చెప్పు. ఎల్లుండే.

మామయ్య

తా.క. బుల్లయ్య కబురు పంపాడు. కుర్చీ తెస్తాడట.


తాడేపల్లి,
ఫిబ్రవరి 11.

మామయ్యా!

సలాములూ దీవెనలూ క్షేమ సమాచారాలూ అన్నీ పన్నెండు తర్వాత. లారీ ఇంజను ఆపకుండా యేసుపాదం నిలబడి ఉన్నాడు, వాకిట్లో రాస్తున్నాను.

ఆ టోపీ తీసేయండి.

రాత్రి మంచు కురుస్తుంది. దూది తాగుతుంది. తెల్లారేసరికి మీ డిష్ తల మీద ఒక చెరువు ఉంటుంది. నీళ్లు దాటి సిగ్నలు రాదు. తొమ్మిదింటికి ఎండకి ఆరుతుంది, రేడియో పలుకుతుంది. శాటిలైటుది డ్యూటీ కాదు మామయ్యా, మీ టోపీది డ్యూటీ. గొడుగు గుడ్డ ఎలా కుట్టారో నాకు తెలియదు గాని అది పని చెయ్యడం లేదు.

జలుబు అన్నది జోకు. జోకు! యాంటెన్నాకి టోపీ కుట్టాలన్న ఆలోచన వచ్చిన ఆ బుర్ర ఎవరిదో ఒక్కసారి చూడాలని ఉంది.

వాసిం

తా.క. ఈ రాత్రికే తీసేయండి.


నల్లరాళ్లపాలెం,
ఫిబ్రవరి 14.

వాసింకి,

రహమతున్నీసా అత్తయ్య దీవెనలు. నువ్వు చూడాలనుకున్న బుర్ర నాదే. అందుకని ఈసారి నేనే రాస్తున్నాను.

నీ ఆఖరి ఉత్తరం మీ మామయ్యకి అందలేదు. పదకొండు సాయంత్రం యేసుపాదం తెచ్చేసరికి ఆయన టీ బంకు దగ్గర ఊరిని రెండోసారి పిలుస్తున్నాడు. నేను తీసుకున్నాను, చదివాను, పిండి డబ్బాలో పెట్టాను.

దూది మంచు తాగుతుందని నాకు నువ్వు చెప్పాలా? ముప్పై రెండేళ్లుగా దూదితోనే ఉన్నాను. గొడుగు గుడ్డ వేశానని ఆయనతో చెప్పాను గాని గొడుగు గొడుగులాగే ఉంది, చిలక్కొయ్యకి వేలాడుతోంది.

ఎందుకు చేశానంటావా? రేడియో వాళ్లు వచ్చిన రోజు ఈయన, “మూల కుట్టు మా నాన్న దగ్గర నేర్చుకున్నానండీ, ఈ చుట్టుపక్కల నేను తప్ప ఇంకెవరూ వెయ్యలేరు” అన్నాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను. ఇంక వినలేక టీ పెట్టడానికి లోపలికి పోయాను. ఆ కుట్టు వేసేది నేనని ఈ ఊళ్లో ఉయ్యాల్లో పిల్లకి కూడా తెలుసు. ఈయన చేత్తో వేసింది ఒక్కటే ఒక్కటి, ఖైరున్నీసాక్క దిండు. ఆవిడ తల దువ్వుకుంటే ఇప్పటికీ దూది రాలుతోంది.

నా కోపం కొన్నాళ్లే. ఆ తర్వాత భయం పట్టుకుంది. ఆ మాట బుల్లయ్య ముందు రేడియోలో వచ్చి ఊరంతా పకపకా నవ్వితే ఈయన ఏమైపోతాడు? వద్దంటే వినే మనిషి కాదు. ఏం చెయ్యాలా అని చూస్తుంటే నీ జలుబు జోకు వచ్చింది.

పన్నెండున ఆరింటికే వాకిలి నిండిపోయింది. బుల్లయ్య నిజంగానే కుర్చీ తెచ్చుకున్నాడు. ఆరున్నర అయింది. పెట్టె మూగ. మీ మామయ్య స్పీకరుకి చెవి ఆనించి కూర్చున్నాడు. “ఏరా ఆదామూ, నీ గొంతుకి దారి దొరకలేదా?” అన్నాడు బుల్లయ్య. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఈయన ఇస్త్రీ చొక్కా గుండీ పట్టుకుని తిప్పుతున్నాడు.

అది చూడలేకపోయాను. ఎలాగూ నవ్వేవాళ్లు నవ్వుతూనే ఉన్నారు, గొంతు విని నవ్వినా ఒకటే అనుకుని నిచ్చెన వేసుకుని ఎక్కాను. టోపీ లాగితే మోచేతి దాకా తడిసింది. పిండితే చెంబుడు నీళ్లు. కొంగుతో ఆ తల తుడిచేసరికి కింద విల్లు మోగింది. టంగు టంగుమని. నేను దిగలేదు. నిచ్చెన మీదే ఉండి విన్నాను.

మా నాన్న దగ్గర నేర్చుకున్నాను అన్న ముక్క వచ్చింది. బుల్లయ్య తొడ కొట్టి నవ్వాడు. నేను కళ్లు మూసుకున్నాను. వెంటనే రేడియోలో ఈయన గొంతు తగ్గించి, “మా ఆవిడ లోపలికి వెళ్లిందండీ, ఇప్పుడు నిజం చెబుతున్నాను. ఆ కుట్టు ఆమెది. నాకు చేతకాదు. ఎన్నోసార్లు చూశాను గాని నా వేళ్లకి రాలేదు. ఎదురుగా అంటే నెత్తికెక్కి కూర్చుంటుందని ఇంట్లో అననండీ” అన్నాడు.

అందరూ పైకి చూశారు. నేను తడి టోపీ పట్టుకుని నిచ్చెన మీద ఉన్నాను. ముప్పై రెండేళ్లు ఇంట్లో నోటికి రాని మాట అనడానికి ఈయనకి శాటిలైటు కావలసి వచ్చింది.

“ఆ ముక్క తీసేస్తామన్నారే!” అని మీ మామయ్య రేడియో మీద కేకలేశాడు. ఎవరూ వినిపించుకోలేదు.

దీవెనలతో,
మీ అత్తయ్య
రహమతున్నీసా

తా.క. బుల్లయ్య మాట తప్పలేదు. మంచం కొలతలు ఇచ్చాడు. మూలలు నేనే కుట్టాలని షరతు పెట్టాడు. మీ మామయ్య మాత్రం ఒక్క మూలైనా తను వేస్తానని పక్కన కూర్చుని నేర్చుకుంటున్నాడు. ఇప్పటికి నాలుగుసార్లు విప్పించాను.

ఇంకో తా.క. యాంటెన్నాల పరీక్ష మళ్లీ ఎప్పుడో రాయి. తడి దూది మీద ప్రశ్న వస్తే నీ కమిటీ వెయ్యకు. నన్ను అడుగు.